ఒకటి, మూడు, నాలుగు, రెండు

పైకెత్తిన బోనెట్ వెనక నుంచి "రేస్ ఇవ్వు" అని వినబడగానే ఆమె కుడికాలు దానంతటదే కిందికి దిగింది. ఆ కాలికి ఆ మాట ఆమెకన్నా ముందే అందుతుంది, పెళ్ళయిన కొత్తలోనే ఆయన దాన్ని తనవైపు తిప్పేసుకున్నాడు. కారు ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణికింది, స్టీరింగు వణికింది, పై అద్దంలో ఆమె ముఖం ఒకటికి రెండుగా కనబడింది, ఒకటే ఎక్కువనుకుంటుంటే. మీటర్ల మధ్య పసుపు లైటు మిణుకుమిణుకుమంటోంది. అది ఇంజను బొమ్మట. ఆమె కంటికి మాత్రం ఎప్పుడూ గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టలాగే ఉంటుంది. ఈ మాట ఒకసారి నోరుజారి అంటే, ఆ తర్వాత చాన్నాళ్ళు షెడ్డుకొచ్చిన ప్రతి బండివాణ్ణీ ఆయన "ఏం, మీ కోడి లేచిందా" అనే పలకరించాడు.

"లైటు?"

"ఉందండీ."

"ఉందా, మిణుకుతోందా?"

"మిణుకుతోంది."

"ఆపు."

ఆపింది. ఇంజను ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దంలో వేడి ఇనుము చిటపటమంటుంది, ఆయన గొణుగుడు వినబడుతుంది. ముందు అద్దానికీ ఎత్తిన బోనెట్‌కీ మధ్య జానెడు సందు, అందులోంచి ఆయన వేళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆమె కాపురం చాలావరకు ఈ సందులోంచే నడిచింది. వేళ్ళ తీరు చూసి ఆ పూట ఇంట్లో ఏ సంగతి ఎత్తాలో ఏది ఎత్తకూడదో తేల్చుకునేది. చరిత్రలో డిగ్రీ చేసి, రాజవంశాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పి, చివరికి ఒక్క కాలికి మాత్రం ఉద్యోగం సంపాదించింది, మిగతా ఒళ్ళంతా వంటింటికే పోయింది. ఇవాళ వేళ్ళు తొందరలో లేవు. ఒకచోటికి వెళ్ళి ఆగిపోతున్నాయి. ఏదో పనిమీద గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చామబ్బా అని నిలబడిపోవడం అందరికీ ఉండేదే, ఆమెకూ ఉంది, రోజుకి నాలుగుసార్లు ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముఖం చూసి మూసేస్తుంది. కాని ఆ వేళ్ళకి ఎప్పుడూ లేదు.

సాయంత్రం అల్లుడొస్తాడు. "మా ఇంటి బండినే బాగుచేసుకోలేనివాణ్ణి, ఊళ్ళోవాళ్ళ బండ్లు ఏం ముట్టుకుంటాను, నువ్వొచ్చేసరికి ఇది వణక్కుండా నడవకపోతే షట్టరు దించి తాళంచెవి నీ చేతిలో పెడతాను" అని ఫోన్లో ఆయనే అన్నాడు, ఆ పందెం ఎవరూ అడక్కుండానే. అల్లుడు "అలాగే మామయ్యా" అన్నాడు. మెల్లగా అన్నాడు. అతను ఏదన్నా మెల్లగానే అంటాడు, కూతురు గొంతు పెంచినప్పుడు కూడా పక్కనుంచి "పోనీలే" అనే మనిషి. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది, తిట్టుకోవడానికి ఇంట్లో ఒకడైనా ఉండేవాడు. అతనిది తప్పు కాదు, కూతురిది తప్పు కాదు, పాల వ్యాను డ్రైవరుది అసలే కాదు. ఆ డ్రైవరు షెడ్డులో చక్రం మార్పించుకుని వెళ్ళిన పూటే తిరిగొచ్చాడు. బండి ఎందుకో ఊగుతోందని దిగి చూస్తే నట్లు చేత్తో తిప్పి వదిలేసినవే, ఒక్కటీ బిగించలేదు. ఆయన ముందు ఏమీ అనలేదు. పెరటి గుమ్మం దాకా వచ్చి ఆమెతో, "మేస్త్రిగారికి ఒంట్లో బాలేదేమో అమ్మా" అన్నాడు, తనే ఏదో తప్పు చేసినట్టు చెప్పులు విప్పి మరీ. ఆ మాట ఆమె కూతురికి చెప్పకుండా ఉండాల్సింది. కాని నోట్లో దాచుకోవడానికి అదేమన్నా చిన్న మాటా. విన్నప్పటినుంచీ షెడ్డు మూసెయ్యమని కూతురు ఒకటే పోరు. రేపు పొద్దున్న ఎదురువీధి స్కూలు వ్యాను బ్రేకులు మార్పించుకోవడానికి వస్తోంది. పిల్లలు ఎక్కే వ్యాను. దాని కిటికీల్లోంచి రోజూ పొద్దున్నే చేతులు ఊగుతాయి, ఆమెకోసం కాదు, ఎవరికోసమైనా ఊగుతాయి అవి, అయినా ఆమె తిరిగి ఊపుతుంది.

"ఇదిగో, మళ్ళీ స్టార్ట్ చెయ్యి. ఒక్కొక్క వైరూ ఊడదీస్తాను, చప్పుడు ఎక్కడ పడిపోతుందో విను."

తాళంచెవి తిప్పింది. వినడానికి ఆమె అక్కర్లేదు, ఆయన ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు, అందుకే వీధి మొత్తానికీ ఆయన చెవి మేస్త్రి. కంప్యూటరు పెట్టి చూసే పెద్ద షెడ్లవాళ్ళు కూడా తేలని బండిని చీకటి పడ్డాక తెచ్చి, "ఒక్క చెవి వేసి చూడన్నా" అని బతిమాలి తీసుకెళ్ళేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆ చెవికి ఒక్క మాటా ఎక్కేది కాదు, పాలు పొంగుతున్నాయన్నా, ఎవరో వచ్చారన్నా, నేను కాసేపు మా అమ్మ దగ్గరికి వెళ్ళొస్తానన్నా. ఆ అక్కసు ఆమెకిప్పుడు ఎంత ముద్దొస్తోందో. మొదటి వైరు ఊడింది, ఇంజను గొంతు నులిమినట్టు పడిపోయింది, మళ్ళీ పెట్టాడు. రెండోది ఊడింది, ఏమీ తేడా లేదు. మూడోది తీస్తే మళ్ళీ చావబోయింది. నాలుగోది తీసినా పెట్టినా ఒకటే. ఆమె అరికాలికి తెలిసిపోయింది, ఆయన ఏమంటాడో అని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, పదో తరగతి ఫలితాలప్పుడు కూతురి పక్కన కూర్చున్నట్టు.

"రెండూ నాలుగూ మిస్సింగ్ కొడుతున్నాయి" అన్నాడు ఆయన. "ఆ రెండూ ఊరికే తిని కూర్చున్నాయి. మిగతా రెండే లాగుతున్నాయి, పాపం."

సరిగ్గా చెప్పాడు. చెవి ఉంది. చెవి ఎక్కడికీ పోలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గులేకుండా, పెట్రోలు వాసనకేమో అనుకుందామన్నా అనుకోనివ్వలేదు. ప్లగ్గులు ఆ రెండింటికీ కొత్తవి వేశాడు, పాతవి ఎండలో పట్టుకుని తిప్పి చూశాడు, "నీకేం రోగంరా" అన్నాడు ఒకదానితో, వైర్లూ కొత్తవి పెట్టాడు, ఆ నాలుగు వైర్లూ వచ్చి గుచ్చుకునే డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచి పెట్టాడు. రేస్ ఇవ్వు. ఇచ్చింది. వణికింది. కోడి లేచింది. ఆపు. పోయినవారం ఆ మూత విప్పి వైర్లన్నీ తుడిచిన రోజు నుంచే ఈ వణుకు, అంతకుముందు బండి బాగానే ఉంది, ఆ మాట ఆయనకి గుర్తుచేయాలా వద్దా. ఎన్నిటిని గుర్తుచేస్తుంది. ఈమధ్య సామాన్ల పేర్లు కూడా జారిపోతున్నాయి, పన్నెండో నంబరు స్పానరు కావలిస్తే "దాని అన్నయ్యని ఇవ్వు" అంటాడు, ఆమె పదో నంబరు ఇస్తే "తమ్ముణ్ణి ఇచ్చావేంటి" అని నవ్వేస్తాడు, నవ్వు మాత్రం పాతదే. ఇంటికొచ్చినవాళ్ళకి ఆ నవ్వే కనబడుతుంది. డాక్టరు ముందు కూడా అలాగే నవ్వాడు. డాక్టరు తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమంటే, "ఏ గడియారం, ఆగిపోయిందా" అని అడిగి, గుండ్రంగా సున్నా చుట్టి, దాని చుట్టూ నాలుగే అంకెలు వేశాడు, ఒకటి, మూడు, నాలుగు, రెండు. డాక్టరు ఆ కాగితం వంక చూసి తల పంకించాడు. కూతురు తల దించుకుంది. ఆమె ఒక్కతే, అది గడియారం కాదండీ, డిస్ట్రిబ్యూటర్ మూత, ఇంజనులో నాలుగు సిలిండర్లూ అంటుకునే వరస అది, తప్పేం వెయ్యలేదు అని చెప్పబోయి, చెప్పి ఏం సాధిస్తానని ఊరుకుంది.

ఆ వరసని ఆమెకి నేర్పింది ఆయనే. కొత్త కాపురంలో, షెడ్డు అంటే ఒక రేకు, రెండు గుంజలు మాత్రమే అయిన రోజుల్లో, ఎండలో తలకి గుడ్డ చుట్టుకుని ఇలాగే కూర్చోబెట్టి చెప్పాడు. నలుగురు మనుషులు రోకళ్ళు పట్టుకుని ఒకే రోట్లో దంచుతున్నారనుకో, వరస తప్పితే ఏమవుతుంది, రోకలి రోకలికి తగులుతుంది, అంతే. ఒకటి, మూడు, నాలుగు, రెండు. చదువుకున్నదానివి, అప్పజెప్పు. అప్పజెప్పింది. బట్టలు ఆరేస్తూ అప్పజెప్పింది, తర్వాత కూతురు పుట్టాక జోలపాటలు ఒక్కటీ పూర్తిగా రాక దాన్నే రాగం తీసి పాడింది, పిల్ల హాయిగా నిద్రపోయేది. బళ్ళో వేశాక టీచరమ్మ కబురు పెట్టింది. "మీ పాప రెండు ఎప్పుడూ చివర్లో చెబుతోందండీ, ఇంట్లో లెక్కలు ఎవరు చెబుతున్నారు?" ఆ రాత్రి ఆయన నవ్వి నవ్వి మంచం మీంచి జారాడు. "దాని లెక్కే కరెక్టు, బండి నడిచేది దాని లెక్కకే, మీ టీచరమ్మ లెక్కకి కాదు" అన్నాడు. ఎక్కడికెళ్ళిపోయింది ఆ మంచం, పాత సామాన్లవాడికి వేశారు, ఒక కోడు ఊగేది.

బోనెట్ వెనక గొణుగుడు వినబడుతోంది, జోలపాటలోకే కలిసిపోతున్నట్టు, వినబడీ వినబడనట్టు. ఆయన వేలు మూత చుట్టూ తిరుగుతోంది. ఒకటి. మూడు. రెండు. నాలుగు.

ఆమె తలెత్తింది.

మళ్ళీ తిరిగింది వేలు. ఒకటి, మూడు, రెండు, నాలుగు. తడబాటు లేదు, సందేహం లేదు, ఇంటి చిరునామా చెప్పినంత ధీమాగా అంటున్నాడు. గుండె గుభేలుమంది అంటారే, అలా ఏమీ కాలేదు ఆమెకి. ఏదో మెత్తగా అడుగుకి దిగిపోయింది, నీళ్ళ బిందెలో గిన్నె జారిపోయినట్టు. చివరి రెండు వైర్లూ ఆయనే తారుమారు పెట్టాడు. పోయినవారం పెట్టాడు, ఇవాళ ఊడదీసిన ప్రతిసారీ మళ్ళీ అలాగే పెడుతున్నాడు. రెండూ నాలుగూ పనిచేయడం లేదని అంత కచ్చితంగా విన్న మనిషి, వాటికి ప్లగ్గులు మార్చిన మనిషి, రోగం ఎక్కడుందో వేలుపెట్టి చూపించగల మనిషి, ఆ వేలే రోగమని ఎలా తెలుసుకుంటాడు. అన్నీ వెతుకుతాడు, వరస ఒక్కటే వెతకడు, ఎందుకంటే వరస ఆయనకి తెలుసు. డాక్టరు కాగితం మీద తప్పు పడింది అనుకున్నారు అందరూ, అప్పటికి అదొక్కటే ఒప్పు. ఇప్పుడు అదీ పోయింది.

"బ్యాటరీ తీగ ఊడదీశాను" అన్నాడు ఆయన, బోనెట్ పక్కనుంచి తల బయటపెట్టి. నుదుటి మీద నూనె గీత. "కాసేపు అలా వదిలేస్తే పాతవన్నీ మర్చిపోతుంది ఇది. తర్వాత మొదటినుంచీ చూద్దాం. నేను కాస్త మంచినీళ్ళు తాగొస్తాను. నువ్వు కదలకు."

"నేనెక్కడికెళ్తానండీ" అంది.

లోపల కుళాయి తిప్పిన చప్పుడు, గ్లాసు కోసం వెతుకుతున్న చప్పుడు, గ్లాసు ఎప్పుడూ ఉండేచోటే ఉంటుంది, ఆయన మూడు అల్మారాలు తెరుస్తాడు. అంత సమయం ఉంది. రెండు వైర్లు. ఇది ఇక్కడ, అది అక్కడ. తెల్ల రంగు చుక్క ఉన్నది ఒకటో నంబరు, అక్కణ్ణించి చుట్టూ లెక్కే. మార్చేస్తే సాయంత్రానికి బండి నడుస్తుంది, అల్లుడు మెల్లగా సంతోషిస్తాడు, షట్టరు పైనే ఉంటుంది, ఆయన ఆయనగానే ఉంటాడు. రేపు స్కూలు వ్యాను వస్తుంది. ఆయన దాని కిందికి దూరతాడు, ఎప్పటిలాగే పాటపాడుకుంటూ. ఆ పిల్లలు ఆమెకి ఏమవుతారు, ఏమీ కారు, అయినా ఆ చేతులు. మార్చకపోతే ఆయన సాయంత్రం ఆ గోడవారన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, రేపూ కూర్చుంటాడు, ఇంకెప్పుడూ ఎవరూ ఒక్క చెవి వేసి చూడన్నా అని రారు, ఏ బండి శబ్దమైనా వీధిలోంచి పోతుంటే తల తిప్పుతాడు, తిప్పి తిప్పి చివరికి తిప్పడం కూడా మానేస్తాడు. ఆ మానేసే రోజు ఆమెకి ఇప్పుడే కనబడుతోంది, ఎండ గోడ మీద ఎంతవరకు ఉంటుందో కూడా కనబడుతోంది. ఆలోచన ఇంకా అక్కడే ఉంది, ఆమె మాత్రం అప్పటికే దిగి బోనెట్ కింద నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ ఈ పక్కకి రాలేదు. ఇటునుంచి చూస్తే ఇంజను అంత పెద్దదేమీ కాదు. నాలుగోదీ రెండోదీ పట్టి లాగింది, రబ్బరు వేడిగా ఉంది, ఇది అక్కడ, అది ఇక్కడ, లోపలిదాకా నొక్కింది. వచ్చి సీట్లో కూర్చుంది. వేళ్ళకి నలుపు అంటింది. కొంగులో దాచుకుంది, దొంగతనం చేసినట్టు. చేసింది దొంగతనమే. ఎవరి దగ్గర ఏం దొంగిలించిందో మాత్రం తేలలేదు.

ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బ్యాటరీ తీగ బిగించలేదు. వంగి, వేలు మూత మీద పెట్టాడు. ఆమె ఆ జానెడు సందులోంచి చూస్తోంది. వద్దు, లెక్కపెట్టొద్దు, ముందు స్టార్ట్ చెయ్యమనండి, దేవుడా ఒక్కసారి స్టార్ట్ చెయ్యమని అనిపించు. ఒకటి. మూడు. వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఒకటి, మూడు. ఆయన గొంతులో చిన్న నవ్వు పుట్టింది, చాలా రోజులకి, అసలైన నవ్వు. వేళ్ళకి ఒక్కసారిగా పాత చురుకు వచ్చింది. రెండు వైర్లూ ఊడాయి, అటుది ఇటు, ఇటుది అటు. బ్యాటరీ తీగ బిగిసింది. కిటికీ దగ్గరికి వచ్చి మోచేయి ఆనించి నిలబడ్డాడు. కొత్త కాపురంలో నిలబడ్డట్టే.

"దొరికింది" అన్నాడు. "వైర్లు తారుమారయ్యాయి. నేనే పెట్టుంటాను, ఎవరన్నా చేసే పొరపాటే. పొద్దుటినుంచీ పక్కనే పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతున్నాను చూశావా."

ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఎంతకాలమైందో. తాళంచెవి ఆమె వేళ్ళ మధ్య ఉంది, తిప్పితే చాలు, బండి వణుకుతుంది, ఈ వెలుగు ఆమె కళ్ళ ముందే దిగుతుంది, "లైటు?" అని అడుగుతాడు, ఆరిందండీ అనొచ్చు, ఆరిందండీ అని ఎన్నాళ్ళు అనగలదు, పిల్లలతో నిండిన వ్యానుకి కూడా ఆరిందండీ అనగలదా.

"ఏం, తిప్పు."

తిప్పలేదు.

"మూడు తర్వాత రెండు కాదండీ" అంది. "నాలుగు."

ఆయన ఆమె వంక చూశాడు. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, ఈ ఇంట్లో ఇంజను సంగతి నువ్వు మాట్లాడతావా అని ఒక్క అరుపు అరిస్తే ఆమె బతికిపోయేది.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

ఆయన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాడు, ప్లగ్గుని ఎండలో తిప్పి చూసినట్టు. వెతికాడు. ఎంతసేపు వెతికాడో. ఆ రేకునీ ఆ ఎండనీ తలకి చుట్టుకున్న గుడ్డనీ ఆమె తన కళ్ళతోనే ఆయనకి అందించాలని చూసింది, అందలేదు.

"నేనే చెప్పుంటే కరెక్టే అయ్యుంటుంది" అన్నాడు చివరికి, మర్యాదగా, బండి గురించి తనకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళతో మాట్లాడినట్టు. మోచేయి తీసేసి పక్కకి జరిగి ఆమెకి దారి ఇచ్చాడు.

ఆమె దిగి వైర్లు మార్చింది. ఈసారి ఆయన పక్కనే నిలబడి గుడ్డ పట్టుకున్నాడు. నొక్కేటప్పుడు "ఇంకొంచెం, లోపలికి" అన్నాడు, అంతే. వచ్చి కూర్చుని తాళంచెవి తిప్పింది. పసుపు లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఇంజను అందుకుంది, సన్నగా, సమంగా, నలుగురూ ఒకే రోట్లో వరసగా దంచుతున్నట్టు. స్టీరింగు కదల్లేదు. అద్దంలో ముఖం ఒక్కటే కనబడింది. లైటు సంగతి ఆయన అడుగుతాడని చూసింది. అడగలేదు. షట్టరు దగ్గరికి నడిచి, దాని అంచు మీది తుప్పుని గోటితో గీరుతూ నిలబడ్డాడు.

అల్లుడి బండి వీధిలోకి తిరిగింది. అతను దిగుతూనే తల వంచి చెవి పెట్టాడు, అతనికి ఇంజన్ల గురించి ఏమీ తెలీదు, అయినా విన్నాడు, ముఖం నిండా ఊరట. "ఏం మామయ్యా, అయిపోయిందా. భలే నడుస్తోందే." ఆ ఊరట అబద్ధం కాదు, తాళంచెవి తీసుకోకుండా వెళ్ళిపోవాలని అతనికే ఎక్కువగా ఉన్నట్టుంది. ఆయన ఒక్క ఆఁ అంటే చాలు. అయిపోయిందిరా అంటే చాలు, ఇందాక ఏం జరిగిందో ముగ్గురిలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకరికి పొద్దున్న తిన్నదే గుర్తుండదు. రేపటి వ్యాను సంగతి రేపు తను చూసుకుంటుంది, రావద్దని తనే చెప్పేస్తుంది, ఏదో ఒక వంక చెబుతుంది. చాలాకాలంగా ప్రతి పూటా ప్రతి చిన్నదీ ఆయనకి గుర్తుండాలని కోరుకున్న మనిషి, ఆ ఒక్క ఘడియ ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోవాలని స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కోరుకుంది.

"నావల్ల కాలేదురా" అన్నాడు ఆయన. "మీ అత్తయ్య చేసింది."

చెయ్యి జేబులోకి వెళ్ళింది. షెడ్డు తాళంచెవి వెతుక్కోకుండానే దొరికింది.